దండెం మీద కోటు

మా నాయనమ్మ బట్టలన్నీ పెరట్లో ఆరేసేది. ఒక్క తాతయ్య తెల్లకోటుకి మాత్రం వాకిట్లో, వీధిలోకి కనపడేలా వేరే దండెం ఉండేది. ఆదివారం ఆదివారం దానికి గంజి పెట్టి, చేతులు రెండూ బార్లా చాపి, ఎవరో మనిషి నిలబడ్డట్టు ఆరేసేది. పాలవాడూ, కూరల మనిషీ, పక్కింటి టీచరుగారూ ఆ కోటుని చూసుకుంటూ పోవాల్సిందే. మా ఇంటికి నేమ్ బోర్డు లేదు, అదే నేమ్ బోర్డు.

తాతయ్య మా ఊళ్ళో ఒక పెద్ద సర్కారు ఆఫీసులో డఫేదారు. ఆఫీసరు గది గుమ్మం దగ్గర నిలబడే మనిషి. తెల్లకోటు, తెల్ల తలపాగా, భుజం మీంచి నడుం దాకా ఏటవాలుగా ఎర్ర డవాలు, దాని మీద ఇత్తడి బిళ్ళ. బిళ్ళ బంట్రోతు అని ఒక మాట ఉంది కదా, నలుగురూ కాస్త వెటకారంగానే వాడతారు. మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా వచ్చేది కాదు. అర్జీలు పట్టుకుని పల్లెల నుంచి వచ్చిన రైతులకి లోపల కుర్చీలో ఉన్నాయన కన్నా గుమ్మంలో ఉన్న తాతయ్యే పెద్దాఫీసరులా కనపడేవాడు. ఆయన ఆగమంటే ఆగేవాళ్ళు, పొమ్మంటే లోపలికి పోయేవాళ్ళు. టీ డబ్బులు తీసుకునేవాడా అంటే, తీసుకునేవాడు. దాచడం ఎందుకు.

ఆఫీసు రెండు మైళ్ళు, దారంతా దుమ్ము. అందుకని కోటు ఇంట్లో తొడుక్కునేవాడు కాదు. పంచె, చొక్కాతో సైకిలెక్కి, కోటూ డవాలూ మడత నలక్కుండా గుడ్డసంచిలో పెట్టి హ్యాండిలుకి తగిలించుకుని వెళ్ళి అక్కడ తొడుక్కునేవాడు. కాబట్టి మా వీధి జనానికి ఆ కోటు దర్శనం దండెం మీదే. శనివారం రాత్రి అరుగు మీద కూర్చుని చింతపండూ బూడిదా పెట్టి బిళ్ళ తోముకునేవాడు. తోమాక లాంతరు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇదంతా నేను మర్చిపోయాననే అనుకున్నాను. 1991లో హైదరాబాదులో, ఒక చిన్న హాల్లో ఇనప కుర్చీ మీద కూర్చుని ఒక జర్మన్ మూకీ సినిమా చూస్తుంటే మొత్తం తిరిగొచ్చింది.

అప్పుడు నేను పీజీ చదువుతున్నాను. ఫిల్మ్ సొసైటీలో సభ్యత్వం తీసుకున్నామంటే కళాపోషణ అనుకునేరు. సొసైటీ సినిమాలకి సెన్సారు కత్తెర ఉండదని ఎవడో సీనియరు చెప్పాడు, మా హాస్టల్ రూములో ముగ్గురం ఆ ఆశతో చేరాం. ఆ సాయంత్రం కూడా ఆ ఆశతోనే వెళ్ళాం. తీరా చూస్తే 1924 నాటి సినిమా. మాటల్లేవు. హీరో తెల్ల గడ్డం ముసలాయన. మావాళ్ళిద్దరూ పదినిమిషాల్లో లేచి ఇరానీ చాయ్‌కి వెళ్ళిపోయారు. నేను ఎందుకు ఉండిపోయానో చెప్పాలంటే, లేచేలోపే మొదటి షాట్ పడింది.

లిఫ్టులో మొదలవుతుంది సినిమా. కెమెరా లిఫ్టులో నిలబడి కిందికి దిగుతుంది. తలుపు తెరుచుకోగానే హోటల్ హాల్లోకి జారుకుంటూ వెళ్ళి, గిర్రున తిరిగే పెద్ద అద్దాల తలుపు దగ్గర ఆగుతుంది. తలుపు అవతల వాన. వానలో గొడుగు పట్టుకుని, మెరిసే బొత్తాల పొడుగు కోటు వేసుకుని, గుర్రపు బగ్గీల్లోంచి మోటార్లలోంచి దిగేవాళ్ళకి సలాం కొడుతూ ఒక భారీ మనిషి. అంతే. ఒక్క అక్షరం తెర మీద పడకుండానే ఆ మనిషి ఎవరో, తనని తాను ఏమనుకుంటున్నాడో తెలిసిపోయింది నాకు. ఆ నిలబడే తీరు నేను చూసినదే. పొట్ట కొంచెం ముందుకి, గడ్డం కొంచెం పైకి.

సినిమా పేరు 'డేర్ లెట్స్టె మాన్'. అంటే చివరి మనిషి, అందరికంటే అట్టడుగుకి పోయినవాడు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'ది లాస్ట్ లాఫ్' చేశారు, చివరి నవ్వు అని. ఆ పేరు నాకు మొదటి నుంచీ నచ్చలేదు. దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. ముర్నావ్, రాసింది కార్ల్ మాయర్, కెమెరా కార్ల్ ఫ్రాయిండ్, ముసలాయనగా వేసింది ఎమిల్ యానింగ్స్. ఆ ముసలి ద్వారపాలకుడి వేషం వేసేనాటికి యానింగ్స్‌కి నిండా నలభై ఏళ్ళు. నాకు ఇది తెలిసింది చాలా ఆలస్యంగా, అయినా నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ వేసుకుని ఆ భుజాల్నే చూశాను. గడ్డం అతికించుకోవచ్చు, ఆ వీపు ఎక్కణ్ణుంచి తెచ్చాడు?

కథ చెప్పాలంటే నాలుగు ముక్కలు. బెర్లిన్‌లో అట్లాంటిక్ అనే పెద్ద హోటల్. దాని గుమ్మం దగ్గర కోటు వేసుకుని నిలబడే ముసలాయన. సాయంత్రం అదే కోటుతో తనుండే పేదల వాడకి నడిచొస్తాడు. లోగిలి చుట్టూ అంతస్తులంతస్తులుగా గదులు, ప్రతి కిటికీలో ఒక తల. ఆ కోటుని చూసి వాడంతా లేచి నిలబడుతుంది, ఈయన మిలటరీ జనరల్ లెక్క సలాములు తీసుకుంటూ పోతాడు. ఒకరోజు వానలో పెద్ద ట్రంకుపెట్టె దించి, ఆయాసంతో కాసేపు కూలబడతాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు చూస్తాడు. మర్నాడు పొద్దున వచ్చేసరికి గుమ్మంలో వేరే మనిషి, కొత్తవాడు, వయసులో ఉన్నవాడు. ముసలాయన్ని కింద, నేలమాళిగలో, మగవాళ్ళ బాత్‌రూము దగ్గర తువ్వాళ్ళు అందించే పనికి వేస్తారు. కోటు విప్పేస్తారు.

ఆ విప్పడం ముర్నావ్ ఎంతసేపు చూపిస్తాడంటే, నాకు కోడికి ఈకలు పీకడం గుర్తొచ్చింది. లాగుతుంటే ఒక బొత్తాం ఊడి కింద పడుతుంది. కోటు పోయాక ఆయన నిజంగానే నాలుగంగుళాలు కుంచించుకుపోతాడు. ఆరోజు ఇంట్లో పెళ్ళి. కోటు లేకుండా వాడలోకి ఎలా అడుగు పెట్టేది? రాత్రి మేనేజరు బీరువాలోంచి తన కోటు తనే దొంగిలించి, తొడుక్కుని పారిపోతాడు. పారిపోతూ వెనక్కి తిరిగి చూస్తే ఆ హోటల్ మేడ మొత్తం ఆయన మీదికి ఒరిగి కూలబోతున్నట్టు కనిపిస్తుంది. మర్నాటి నుంచి పొద్దున కోటుతో ఇల్లు కదలడం, రైల్వే స్టేషను సామాన్ల గదిలో దాన్ని దాచి పనిలోకి పోవడం, సాయంత్రం మళ్ళీ తొడుక్కుని ఇంటికి రావడం.

గుడ్డసంచిలో కోటు.

అప్పటికే నాకు ఊపిరి సరిగ్గా ఆడ్డం లేదు. తర్వాతి సీను వచ్చింది. ఇంట్లోంచి ఒక ఆవిడ, పెళ్ళికొడుక్కి అత్తయ్యట, ముసలాయనకి గిన్నెలో వేడిగా తిండి పట్టుకుని హోటల్‌కి వస్తుంది. గుమ్మంలో కోటు వేసుకున్న మనిషి కనిపిస్తాడు. నవ్వుతూ దగ్గరికి వెళ్తుంది. తిరిగిన మొహం వేరే ఎవరిదో.

ప్రొజెక్టర్ బల్బు మాడిపోయింది సరిగ్గా అక్కడే. లైట్లు వేశారు. ఇరవై నిమిషాలు. ఇంకో బల్బు తేవడానికి ఎవరో స్కూటరు మీద వెళ్ళారు. ఆ ఇరవై నిమిషాలూ నేను ఆ ఇనప కుర్చీలోంచి కదల్లేదు, ఎందుకంటే ఆ గిన్నె పట్టుకెళ్ళిన మనిషిని నేనే.

1977. నాకు తొమ్మిదేళ్ళు. తాతయ్య పొద్దునే క్యారేజీ మర్చిపోయి వెళ్ళాడు. స్కూలుకి ఏదో సెలవు, నాయనమ్మ నా చేతికిచ్చి పంపింది. రెండు మైళ్ళు నడిచి, క్యారేజీ ఆ చేతిలోకీ ఈ చేతిలోకీ మార్చుకుంటూ వెళ్ళాను. వరండా చివర గుమ్మం దగ్గర ఎర్ర డవాలు కనపడగానే 'తాతయ్యా' అని కేకేశాను. ఆయన తిరిగాడు. నల్ల మీసాల ఆయనెవరో. గుండెల మీద బిళ్ళ మాత్రం మాదే. మూలన చిన్న సొట్ట ఉంటుంది దానికి, నాకు తెలుసు. ఆయన ఏమీ కోప్పడలేదు, చెయ్యెత్తి వెనక వైపు చూపించాడు. వెనక రికార్డు రూము. కిటికీలకి కూడా కట్టలు అడ్డం పడి మధ్యాహ్నమే చీకటి. ఎర్రగుడ్డలో చుట్టిన ఫైళ్ళ కట్టల మధ్య స్టూలు మీద తాతయ్య, చొక్కాతో. గుడ్డసంచి పక్కన మేకుకి వేలాడుతోంది, మడత విప్పని కోటు అందులోనే.

ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. క్యారేజీ అందుకుని, జేబులోంచి పది పైసలు తీసి నా చేతిలో పెట్టి, బఠాణీలు కొనుక్కోమన్నట్టు బజారు వైపు చూపించాడు. నోట ఒక్క మాట రాలేదు. ఇంట్లో చెప్పకు అని కూడా అనలేదు. అన్నా అనకపోయినా నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తొమ్మిదేళ్ళవాడికి ఏం తెలుసు.

సినిమాలో ఆవిడ నాలా నోరు మూసుకోదు. నేలమాళిగ మెట్ల దాకా వెళ్ళి చూసి, కెవ్వుమని ఇంటికి పరిగెడుతుంది. సాయంత్రానికి ఆ వార్త కిటికీ నుంచి కిటికీకి, మెట్ల మీంచి లోగిట్లోకి, లోగిట్లోంచి మేడ పైకి పాకిపోతుంది. రాత్రి ముసలాయన కోటుతో, దర్జాగా, ఏమీ తెలియకుండా నడిచొస్తుంటే ప్రతి కిటికీలోంచీ నవ్వు. నవ్వే నోళ్ళు ఒకదాని మీద ఒకటి పడి తెరంతా నిండిపోతాయి. శబ్దం లేదు. ఆ హాల్లో అప్పుడు వినపడింది ప్రొజెక్టర్ చేసే టకటకా చప్పుడొక్కటే. నాకైతే అంత పెద్ద నవ్వు ఏ టాకీలోనూ వినపడలేదు.

ఆ ప్రింటుకి సంగీతం లేదు. పదహారు ఎంఎం రీళ్ళు, మధ్యలో రీలు మార్చినప్పుడల్లా లైట్లు. నిజానికి మూకీ సినిమాలు మామూలుగా మూగగా ఆడేవి కావు. 1924 డిసెంబరు 23న బెర్లిన్‌లో, దీన్ని తీసిన సినిమా కంపెనీ ఊఫావాళ్ళ పెద్ద థియేటర్లో ఇది విడుదలైనప్పుడు జుసెప్పె బెచ్చె కట్టిన సంగీతం ఉంది దీనికి. మన దగ్గరా అంతే. తాతయ్య చిన్నప్పుడు తిరునాళ్ళలో డేరా వేసి బొమ్మలాడిస్తుంటే తెర పక్కన ఒక మనిషి నిలబడి 'ఇదిగో వస్తున్నాడు దుష్టుడు' అని కథ చెప్పేవాడట, హార్మోనియం వాయించేవాడు ఒకడట. ఇంట్లో మమ్మల్ని నవ్వించడానికి ఆ మనిషిని అనుకరించేవాడు. రఘుపతి వెంకయ్యగారూ వాళ్ళబ్బాయి ప్రకాశ్‌గారూ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మొదలు మనవాళ్ళ మూకీలు దాదాపు ఏవీ మనకి మిగల్లేదు. తాతయ్య చూసినవి ఏ సినిమాలో నేను అడగనూ లేదు. అడగవలసినవి ఎన్ని ఉన్నాయో.

బెర్లిన్ సినిమా మిగిలింది. మిగలడం కూడా అదృష్టమే. దీనికి మూడు వేరువేరు నెగెటివ్‌లు ఉండేవి, ఒకటి జర్మనీకి, మిగతావి బయటి దేశాలకి. ఒకే సీనుకి వేరువేరు టేకులు. మేం చూసిన ప్రింటు వీటిలో దేని పిల్లో తెలీదు. ముర్నావ్ పేరున్న ఫౌండేషన్‌వాళ్ళు జర్మన్ వెర్షన్‌ని పట్టుకుని శుభ్రం చేయించాక, ఆ డీవీడీ నా చేతికొచ్చింది. బెచ్చె సంగీతంతో చూశాను. బాగుంది, చాలా బాగుంది. అయినా నాకు ఆ గీతలు పడ్డ ప్రింటూ, ఆ టకటకలే సినిమా. ఇది న్యాయమైన అభిప్రాయం కాదని నాకు తెలుసు.

టైటిలు కార్డుల సంగతి చెప్పాలి. మూకీల్లో ప్రతి రెండు నిమిషాలకీ బొమ్మ ఆగి అక్షరాలు పడతాయి, ఆయన ఇలా అన్నాడు, ఆవిడ అలా అంది, కొన్నాళ్ళకి అని. కార్ల్ మాయర్ ఈ కథని ఆ కార్డులే అక్కర్లేకుండా రాశాడు. ఉత్తరం, పేపరు లాంటి కథలో భాగంగా కనపడే రాతలు తప్ప, గంటన్నర సినిమాలో ఒకే ఒక్క కార్డు. మాటలు తీసేస్తే ఆ బరువంతా ఎవరో మొయ్యాలి. ఆ మోసింది కెమెరా. అంతవరకూ ఎక్కువగా మూడుకాళ్ళ స్టాండు మీద కుదురుగా కూర్చునే కెమెరాకి వీళ్ళు కాళ్ళు తెప్పించారు. మొదటి షాట్‌లో కెమెరాని సైకిలు మీద పెట్టి లిఫ్టులోంచి హాల్లోకి తోసుకొచ్చారు. ముసలాయన పెళ్ళిలో తాగి తూలుతుంటే, కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాని తన గుండెలకి కట్టేసుకుని తనూ తూలాడు. ఫ్రాయిండ్ అసలే లావుపాటి మనిషి. ఆ దృశ్యం ఊహించుకుంటే నాకు సినిమా కన్నా అదే ముచ్చటేస్తుంది. ఆ మత్తులోనే ముసలాయనకి కల. ఆరుగురు కలిసి ఎత్తలేని ట్రంకుపెట్టెని ఒంటిచేత్తో గాల్లోకి ఎగరేసి పట్టుకుంటాడు, హోటలంతా చప్పట్లు.

ఆ సాయంత్రమే బాకా ఊదేవాడొకడు లోగిట్లో నిలబడి ఊదుతాడు. శబ్దాన్ని చూపించాలి, వినిపించే వీల్లేదు. ఏం చేశారంటే కెమెరాని బాకా నోటి ముందు పెట్టి, అక్కణ్ణుంచి వెనక్కి, గాల్లోంచి, పైన ముసలాయన ఉన్న కిటికీ దాకా లాక్కెళ్ళారు. చప్పుడు ఆయన చెవి దాకా ఎగిరి వెళ్ళడం మనకి కనపడుతుంది. ఈ ఒక్క షాట్ కోసం ఎన్నిసార్లు రీలు వెనక్కి తిప్పానో లెక్కలేదు. తాతయ్యకి పోయింది చెవులే మరి.

ఆ సంగతి నాకు తెలిసింది ఆయన పోయినప్పుడు, 1984లో. ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని చెప్పుకుంటుంటే విన్నాను. ఆఫీసరు బల్ల మీద గంట కొడితే తాతయ్య పలకలేదట. మళ్ళీ కొట్టినా పలకలేదట. కొత్తగా వచ్చిన ఆఫీసరు చెడ్డవాడేం కాదట. పెద్దాయన్ని ఎండలో నిలబెట్టడం ఎందుకు, నీడపట్టున కూర్చోబెట్టండి అన్నాడట. సినిమాలో మేనేజరు ఉత్తరమూ అంతే, ఎక్కడా తిట్టు ఉండదు. వయసు మళ్ళింది కనుక తేలికపాటి పని ఇస్తున్నాం అని దయగా రాసి ఉంటుంది. ఆ దయని అద్దాల తలుపు ఇవతల నిలబడి చూపిస్తాడు ముర్నావ్. లోపల పెదాలు కదులుతుంటాయి, మనకేం వినపడదు. చెవుడు వచ్చిన మనిషికి లోకం అలాగే కనపడుతుందేమో.

ఆ సినిమా తీసిన ఏడాదికి ముందు ఏడాది జర్మనీలో డబ్బు చిత్తుకాగితమైపోయింది. 1923 నవంబరులో ఒక్క డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు. దాచుకున్న డబ్బు మీదే నమ్మకం పోయినచోట మిగిలేది నలుగురూ ఇచ్చే గౌరవం. అదీ ఒక కోటు మీదే ఆధారపడి ఉంటే? నొయెబాబెల్స్‌బెర్గ్ స్టూడియోలో ఈ సెట్లు వేసినప్పుడు పక్కనే ఇంకో సినిమాకి పనిచేస్తున్న ఒక ఇంగ్లీషు కుర్రాడు ఖాళీ దొరికితే ముర్నావ్ షూటింగ్ చూడ్డానికి వచ్చేవాడు. తర్వాత పెద్ద దర్శకుడైన ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. బొమ్మతోనే కథ చెప్పడం అక్కడ నేర్చుకున్నానని జీవితాంతం చెప్పుకున్నాడు.

మాటల్లేకుండా సినిమా తీస్తే మనవాళ్ళు చూస్తారా అంటే, 1987లో సింగీతం శ్రీనివాసరావుగారి 'పుష్పక విమానం' మా ఊళ్ళో జనం ఈలలేసి మరీ చూశారు. అందులోనూ ఒక పెద్ద హోటలే, తనది కాని దర్జాని కొన్నాళ్ళు తొడుక్కున్న మనిషే. అప్పుడు నవ్వుకుని ఇంటికొచ్చేశాను. బెర్లిన్ సినిమా చూశాక అదీ ఇంకోలా కనిపించింది.

ఇక ఆ ఒకే ఒక్క కార్డు. కథలో ముసలాయన ఓడిపోతాడు. ఇంటివాళ్ళు కూడా మొహం తిప్పుకుంటారు. ఆ రాత్రే దొంగిలించిన కోటు పట్టుకుని హోటల్‌కి తిరిగొస్తాడు. రాత్రి కాపలా మనిషి లాంతరు పట్టుకుని తిరుగుతూ ఆయన్ని చూస్తాడు. సినిమా మొత్తంలో ఆ ముసలాయన్ని కోటు లేకుండా కూడా మనిషిగా చూసినవాడు ఆ కాపలావాడొక్కడే. కింద బాత్‌రూములో కుర్చీలో కూలబడ్డ ఆయనకి తన కోటు తీసి కప్పుతాడు. అక్కడ పడుతుంది కార్డు. కథ నిజానికి ఇక్కడే ముగియాలి, బయటి ప్రపంచంలో అయితే ఈ ముసలాయనకి చావు తప్ప ఎదురుచూడ్డానికి ఏమీ లేదు, కానీ రచయితకి జాలేసి, నమ్మశక్యం కాని ఇంకో ముగింపు కలిపాడు అని దాని భావం. కలిపింది ఏమిటంటే, ఒక మెక్సికో కోటీశ్వరుడు ఆ బాత్‌రూములో ఈయన చేతుల్లో ప్రాణం వదులుతాడు. తను ఎవరి చేతుల్లో పోతే ఆస్తంతా వాళ్ళకి అని వీలునామా రాసి ఉంటాడు. ముసలాయన అదే హోటల్లో సూటు వేసుకుని, కాపలావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఇంతింత పళ్ళేల్లో తింటాడు. వచ్చేపోయే ప్రతివాడికీ టిప్పులు.

ఈ ముగింపు గురించి నాకు చాలాకాలం విసుగే. యానింగ్స్ ఎంత బాగా తిన్నా సరే. స్టూడియోకి లొంగిపోయారనీ, కాదు జనాన్ని వెక్కిరించారనీ రెండు రకాలుగా రాస్తారు. నాకు రెండోదే నిజమేమో అనిపిస్తుంది కానీ, వెక్కిరింతకి పావుగంట ఎక్కువే. ఆ కోటీశ్వరుడి వీలునామా రాసిన మాయర్ మాత్రం యూదు, నాజీలకి దూరంగా లండన్ చేరి 1944లో చేతిలో పెద్దగా ఏమీ లేకుండానే పోయాడు. ముర్నావ్ అమెరికా వెళ్ళి, 1931లో కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో, నలభై రెండేళ్ళకే. యానింగ్స్‌కి మొట్టమొదటి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది, తర్వాత జర్మనీ తిరిగెళ్ళి నాజీల ప్రచార సినిమాల్లో వేషాలు కట్టాడు. ఈ చివరి సంగతి తెలిశాక ఆ ముసలాయన కన్నీళ్ళని మునుపటిలా చూడలేకపోయాను. చూడకుండా ఉండనూ లేకపోయాను.

ఆ సినిమా చూసిన కొద్ది నెలలకే సంక్రాంతి. ఊరెళ్ళాను. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని అరిసెలు వేస్తోంది, నేను పక్కన అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె తీస్తున్నాను. ఏం సినిమాలు చూస్తున్నావురా పట్నంలో అంది. నేను ఈ కథ మొదలుపెట్టాను. హోటలు, గుమ్మం, కోటు. ఆవిడ చెయ్యి ఆగకుండా వింటోంది.

'ఎంత కోటేమిటి?'

'మోకాళ్ళ కింద దాకా. బరువు. ఉన్నిది.'

'దానికి గంజి ఎవరు పెట్టేవాళ్ళు?'

'ఉన్నికి గంజి పెట్టరు నాయనమ్మా.'

'సరే చెప్పు.'

గిన్నె పట్టుకుని ఆవిడ హోటల్‌కి వెళ్ళే దగ్గర నేను ఆగిపోయాను. తర్వాత, పదిహేనేళ్ళుగా చెప్పనిది చెప్పేశాను. క్యారేజీ, నల్ల మీసాలు, సొట్ట బిళ్ళ, రికార్డు రూము. నాయనమ్మ అరిసె బోర్లించింది. మొహంలో ఏ మార్పూ లేదు.

'నాకు తెలుసు' అంది. 'నువ్వు వెళ్ళడానికి నెల ముందే తెలుసు.'

'ఎవరు చెప్పారు?'

'ఎవరు చెప్పాలి? ఉతికేది నేనేగా. కోటు మెడపట్టీకి మురికి లేదు. చంకల్లో చెమట లేదు. నేను మడత పెట్టిన మడత నాకే తిరిగొస్తోంది. శనివారం బిళ్ళ తోమడం మానేశాడు, ఆఫీసులోనే ఉంచుతున్నా అన్నాడు.'

'మరి ఉతకడం ఎందుకు? తాతయ్య రిటైరయ్యేదాకా ఉతుకుతూనే ఉన్నావుగా.'

'ఆదివారం దండెం ఖాళీగా ఉంటే వీధిలో అడగరూ?'

'తాతయ్యని నువ్వైనా అడగాల్సింది.'

'అడిగితే చెప్పాలిగా ఆయన' అంది. 'అదెందుకు పాపం.'

కాసేపు పొయ్యి చప్పుడే. పిండి ముద్ద ఆకు మీద తట్టి నూనెలో వేసింది. తర్వాత ఆవిడే, 'ఊ, ఆ ముసలాయనకి ఏమైంది చెప్పు' అంది. వాడంతా నవ్వడం చెప్పాను. కాపలావాడు కోటు కప్పడం చెప్పాను. 'మంచివాడు' అంది. సరే, కోటీశ్వరుడి వీలునామా కూడా చెప్పాను, అందుకే ఇంగ్లీషువాళ్ళు ఈ సినిమాని చివరి నవ్వు అంటారు, ఆఖరికి నవ్వింది ఈయనే కదా అని వివరించాను.

'మరి కోటు?' అంది.

'ఏ కోటు?'

'అదేరా, వాళ్ళు విప్పేసింది. అంత డబ్బొచ్చాక మళ్ళీ ఇచ్చారా?'

ఆలోచించాను. చివరి రీలంతా ఆయన ఒంటి మీద ఖరీదైన సూటే. గుమ్మంలో వేరే మనిషే ఉన్నాడు.

'లేదు నాయనమ్మా. ఇవ్వలేదు.'

నాయనమ్మ అరిసె తీసి నా చెక్క మీద పడేసింది.

'అయితే ఏం నవ్వుల్లే' అంది.